మీ పాప వెళ్లే డే కేర్‌ను తనిఖీ చేసేదెవరు? తప్పు జరిగితే ఎవరు, ఏం చేయగలరు?

వీధి చివర బిర్యానీ పాయింట్ పెట్టుకోవాలన్నా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. మరి ఏడాదిన్నర పిల్లలను రోజుకు తొమ్మిది గంటలు చూసుకునే డే కేర్‌కు ఏ అనుమతి ఉండాలి? అక్కడ పాలు కాచే స్టవ్ ఎక్కడుందో, ఆయాలు ఎంతమంది ఉన్నారో, వాళ్ల గతం ఏమిటో ఎవరైనా వచ్చి చూస్తారా?

హైదరాబాద్, విజయవాడ, విశాఖ కాలనీల్లో ఇండిపెండెంట్ ఇళ్లను, అపార్ట్‌మెంట్ పోర్షన్లను మార్చి నడుపుతున్న డే కేర్లకు పిల్లలను పంపుతున్న వాళ్లు ఈ ప్రశ్న అడుక్కోవాల్సిందే. సమాధానం మాత్రం ఒక్క ముక్కలో చెప్పేది కాదు. పిల్లలను చూసుకునే చోటు అన్నీ ఒకేలా కనిపించినా, చట్టం దృష్టిలో అవి వేర్వేరు. గేటు మీద రాసిన పేరును బట్టి శాఖ మారుతుంది. శాఖను బట్టి తనిఖీ మారుతుంది. కొన్నిచోట్ల మూడు నెలలకోసారి డాక్టర్‌తో సహా బృందం రావాలి. కొన్నిచోట్ల ఎవరూ రావాల్సిన పనే లేదు.

ఏది ఎవరి కిందకు వస్తుంది?

పిల్లలు రాత్రీ పగలూ అక్కడే ఉండే అనాథాశ్రమాలు, బాలల సదనాలు, శిశు గృహాలు జువెనైల్ జస్టిస్ చట్టం-2015 కిందకు వస్తాయి. వీటిని చూసేది రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ. జిల్లాలో పర్యవేక్షణ కలెక్టర్‌ది.

అంగన్‌వాడీలదీ అదే శాఖ. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేల దాకా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలు ఉన్నాయి. వీటిని సూపర్‌వైజర్, ఆపైన సీడీపీఓ చూస్తారు. హాజరు, పౌష్టికాహారం లెక్కలు ఫోన్‌లోని పోషణ్ ట్రాకర్‌లో నమోదు చేస్తారు. లోపాలు ఉండొచ్చు కానీ, అడగడానికి ఒక మనిషి, ఒక ఆఫీసు ఉన్నాయి.

ఆఫీసులు, ఫ్యాక్టరీల్లోని క్రెష్‌లు కార్మిక చట్టాల పరిధిలోవి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ప్రైవేట్ ప్లే స్కూళ్లకు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్, అంటే ఎన్‌సీపీసీఆర్, మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక మిగిలింది మీ కాలనీలోని ప్రైవేట్ డే కేర్. ఇంకా మూడేళ్లు నిండని పిల్లలు ఎక్కువగా ఉండేది అక్కడే. దానికి మాత్రం దేశమంతటికీ వర్తించే లైసెన్స్ చట్టం లేదు.

విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణకు ప్రభుత్వం ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 45వ అధికరణ చెబుతుంది. 2002లో 86వ సవరణతో వచ్చిన మాట అది. ప్రయత్నించాలి అనడానికీ, లైసెన్స్ లేకుండా నడపకూడదు అనడానికీ చాలా తేడా ఉంది. కాలనీ డే కేర్ ఆ తేడాలోనే నడుస్తోంది.

చట్టం గట్టిగా ఉన్న చోట ఏం జరుగుతుంది?

ముందు హోంల సంగతి చూద్దాం. తనిఖీ వ్యవస్థ కాగితం మీద ఎలా ఉండాలో ఇక్కడ తెలుస్తుంది. కాగితం దాటి రాకపోతే ఏమవుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది.

జువెనైల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 41 ప్రకారం ఇలాంటి ప్రతి సంస్థా రిజిస్టర్ చేసుకోవాలి. ప్రభుత్వ గ్రాంటు తీసుకుంటున్నారా, సొంత డబ్బుతో నడుపుతున్నారా, మతం పేరిట నడుపుతున్నారా అన్నది లెక్కలోకి రాదు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. చేసుకోకుండా నడిపితే సెక్షన్ 42 కింద ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గకుండా జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు ఆలస్యమైన ప్రతి 30 రోజులూ విడి నేరంగా లెక్కిస్తారు.

సెక్షన్ 54 తనిఖీల గురించి చెబుతుంది. రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో తనిఖీ కమిటీలు ఉండాలి. ప్రతి సంస్థకూ మూడు నెలల్లో కనీసం ఒకసారి వెళ్లాలి. బృందంలో ముగ్గురికి తగ్గకూడదు. వాళ్లలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. వెళ్లొచ్చిన వారంలోగా నివేదిక ఇవ్వాలి. దాని మీద నెలలోగా చర్య తీసుకోవాలి. ఏం చూడాలన్నదీ నిబంధనల్లో ఉంది. పడకగదిలో ఒక్కో పిల్లకు 40 చదరపు అడుగుల చోటు, మరుగుదొడ్లు, వంటగది, వైద్య పరీక్షల రికార్డు, పిల్లలు ఫిర్యాదులు వేసే పెట్టె, ఇలా. ఈ తనిఖీల కోసం 2021లో ఎన్‌సీపీసీఆర్ ‘మాసి’ అనే యాప్ కూడా తెచ్చింది.

ఇన్ని ఉన్నా బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో జరిగింది మనకు తెలుసు. ప్రభుత్వ నిధులతో ఓ స్వచ్ఛంద సంస్థ నడిపిన బాలికల హోం అది. అధికారులు వెళ్లారు, వచ్చారు. పిల్లల మీద జరుగుతున్న లైంగిక దాడులు రికార్డుల్లోకి ఎక్కలేదు. 2018లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం రాష్ట్రంలోని హోంలలో సోషల్ ఆడిట్ చేసి నివేదిక ఇచ్చాకే విషయం బయటపడింది. కేసు సీబీఐకి, విచారణ ఢిల్లీకి వెళ్లాయి. 2020లో కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. వాళ్లలో జిల్లా బాలల పరిరక్షణ అధికారి ఉన్నారు. బాలల సంక్షేమ సమితికి చెందిన వాళ్లూ ఉన్నారు. పిల్లలను కాపాడాల్సిన కుర్చీల్లో కూర్చున్న వాళ్లే వీళ్లు.

తనిఖీ అంటే రిజిస్టర్ చూసి సంతకం పెట్టడం కాదని దీని అర్థం. మరుగుదొడ్డి ఉందా లేదా అన్నది గది చూస్తే తెలుస్తుంది. రాత్రి ఏం జరుగుతుందో తెలియాలంటే నిర్వాహకులు పక్కన లేకుండా పిల్లలతో మాట్లాడాలి. సోషల్ ఆడిట్‌కూ మామూలు తనిఖీకీ ఉన్న అసలు తేడా ఇదే.

అసలు రిజిస్ట్రేషనే లేకపోతే తనిఖీ బృందం జాబితాలో ఆ చోటు పేరే ఉండదు. 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో కలుషిత ఆహారం తిని చిన్నారులు చనిపోయారు. గిరిజన ప్రాంతాల పిల్లలు చదువుకోసం వచ్చి ఉంటున్న వసతి గృహం అది. అనుమతి లేకుండా నడుస్తోందన్న సంగతి పిల్లలు ఆసుపత్రి పాలయ్యాక బయటికొచ్చింది. దేశంలోని ఇలాంటి సంస్థలన్నిటినీ 2017 డిసెంబర్ 31లోగా రిజిస్టర్ చేయించాలని సుప్రీంకోర్టు 2017 మే నెలలోనే ఆదేశించింది. ఆ గడువుకూ కైలాసపట్నానికీ మధ్య ఆరేళ్లకు పైగా గడిచాయి.

తప్పు దొరికితే వెంటనే ఎందుకు మూసేయరు?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. హోం విషయంలో అధికారుల చేతిలో ఉన్న మెట్లు ఇవి. ముందు లోపం రాసి నోటీసు ఇస్తారు. సరిచేసుకోవడానికి గడువు ఇస్తారు. వినకపోతే, నిర్వాహకుల వాదన విన్నాక రిజిస్ట్రేషన్ ఆపేయొచ్చు, రద్దు చేయొచ్చు. అప్పుడు సంస్థను రాష్ట్ర ప్రభుత్వమే నడపాలని చట్టం చెబుతోంది. పిల్లలను వేరే చోటుకు మార్చాలంటే బాలల సంక్షేమ సమితి ఆదేశాలు ఇస్తుంది.

వినడానికి బాగానే ఉంది. కానీ అరవై మంది పిల్లలను ఒక్క సాయంత్రంలో ఎక్కడికి పంపుతారు? పక్క హోంలో అప్పటికే చోటు ఉండదు. పిల్లల బడి మారుతుంది, స్నేహితులు దూరమవుతారు. అందుకే ‘రెండు నెలల్లో సరిచేసుకోండి’ అన్న నోటీసు దగ్గరే చాలా ఫైళ్లు ఆగిపోతాయి. అధికారి నిర్లక్ష్యం కొంత. నిజమైన ఇబ్బంది కొంత. ఏది ఎంత అన్నది ఫైలు తెరిస్తే గానీ చెప్పలేం.

బడుల విషయంలోనూ అంతే. 2022 అక్టోబర్‌లో బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేట్ పాఠశాలలో నాలుగేళ్ల చిన్నారిపై ప్రిన్సిపల్ డ్రైవర్ లైంగిక దాడికి పాల్పడిన కేసు గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం వెంటనే గుర్తింపు రద్దు చేసింది. మరుసటి రోజు నుంచి వందలమంది తల్లిదండ్రుల ముందు ఒకటే ప్రశ్న. విద్యా సంవత్సరం మధ్యలో మా పిల్లలను ఎక్కడ చేర్చాలి? చివరికి వాళ్ల విజ్ఞప్తితోనే బడి మళ్లీ తెరుచుకుంది. నిందితుడికి 2023లో కోర్టు 20 ఏళ్ల జైలు శిక్ష వేసింది. రెండు దారులు వేర్వేరని గమనించండి. నేరం చేసిన మనిషిని శిక్షించేది పోలీసులు, కోర్టు. సంస్థను సరిచేయాల్సింది శాఖ. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు.

ప్లే స్కూల్, డే కేర్: మార్గదర్శకం ఉంది, లాఠీ లేదు

ఎన్‌సీపీసీఆర్ ప్లే స్కూళ్ల మార్గదర్శకాలు చదివితే బాగానే ఉంటాయి. మూడేళ్లు నిండని పిల్లలను చేర్చుకోకూడదు. 20 మంది పిల్లలకు ఒక టీచర్, ఒక కేర్‌టేకర్ ఉండాలి. ప్రహరీ గోడ, సీసీ కెమెరాలు, అగ్నిమాపక ఏర్పాట్లు, మధ్యాహ్నం పడుకోవడానికి చోటు ఉండాలి. కొట్టడం, తిట్టడం నిషేధం. తల్లిదండ్రులు, టీచర్లతో కమిటీ వేయాలి. జిల్లా అధికారి దగ్గర గుర్తింపు తీసుకోవాలి.

చిక్కల్లా అవి మార్గదర్శకాలు కావడమే. రాష్ట్రం వాటిని తన నిబంధనలుగా తెచ్చుకుంటేనే అమలుకు బలం వస్తుంది. తమిళనాడు 2015లోనే ప్లే స్కూళ్లకు సొంత నియమావళి తెచ్చుకుంది. బాలల హక్కుల కమిషన్లకు సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. కానీ విచారణ తర్వాత చేయగలిగేది సిఫార్సే. సొంతంగా జరిమానా వేయలేవు, తాళం వేయలేవు.

ఇక డే కేర్ గోడ మీద ఫ్రేమ్ కట్టి కనిపించేది మామూలుగా ట్రేడ్ లైసెన్స్. ఈ చిరునామాలో వ్యాపారం చేసుకోవచ్చని మున్సిపాలిటీ ఇచ్చిన కాగితం అది. పిల్లలకు ఎంతమంది ఆయాలు ఉన్నారో దానికి సంబంధం లేదు. దాన్ని చూసి ‘గవర్నమెంట్ అప్రూవ్డ్’ అనుకుంటే పొరపాటు.

అలాగని డే కేర్ చట్టానికి పూర్తిగా అందకుండా లేదు. రెండు పట్టులు ఉన్నాయి. పెద్దగా ఎవరూ వాడరు గానీ గట్టివే.

మొదటిది పోక్సో నిబంధనలు-2020. పిల్లలు ఉండే, లేదా పిల్లలతో తరచూ పని ఉండే ప్రతి సంస్థా తన సిబ్బందికి ఎప్పటికప్పుడు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. బడులతో పాటు క్రెష్‌ల పేరూ అందులో విడిగా ఉంది. టీచరే కానక్కర్లేదు. కాంట్రాక్టు మీద వచ్చే ఆయా, వ్యాన్ డ్రైవర్, వాచ్‌మన్ అందరూ లెక్కలోకి వస్తారు. లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే సంస్థ ఇన్‌ఛార్జికి ఏడాది వరకు జైలు. ‘బయటికి తెలిస్తే మీ పాప పేరే పాడవుతుంది’ అని సర్దిచెప్పబోయే యాజమాన్యం నిజానికి తన నేరాన్ని దాచుకుంటున్నట్టే. పాప పేరు, ఆనవాళ్లు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది.

రెండోది జువెనైల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 75. పిల్ల తమ అధీనంలో ఉన్నప్పుడు కొట్టినా, పట్టించుకోకుండా వదిలేసినా ఇది వర్తిస్తుంది. మామూలుగా మూడేళ్ల వరకు జైలు. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థ ఉద్యోగి, లేదా నిర్వాహకుడు అయితే ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా. 2016 నవంబర్‌లో నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో ఒక డే కేర్ ఆయా పది నెలల పాపను కొట్టిన సీసీ కెమెరా దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ కేసు నిలబడటానికి ఆధారం ఆ కెమెరానే.

ఇక్కడో మెలిక ఉంది. 2021 సవరణతో ఈ చట్టంలో మూడు నుంచి ఏడేళ్ల శిక్ష పడే నేరాలు నాన్ కాగ్నిజబుల్ అయ్యాయి. 2022 సెప్టెంబర్ నుంచి ఇది అమల్లో ఉంది. అంటే మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేరు. పిల్లల హక్కుల కోసం పనిచేసే వాళ్లు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. కాబట్టి స్టేషన్‌లో ‘ఇది మా చేతిలో లేదు’ అనే మాట మీకు వినిపించొచ్చు. తీవ్రమైన గాయం అయితే, లైంగిక నేరం అయితే ఆ మాట చెల్లదు. ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందే. అందుకే ముందు పిల్లను డాక్టర్‌కు చూపించి, గాయం వివరాలు కాగితం మీదకు ఎక్కించండి.

ఆఫీసులో క్రెష్ ఉండాలా?

50 మంది, లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట ఉండాలి. ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన 2017 సవరణే ఈ నిబంధననూ తెచ్చింది. 50 మంది మహిళలు అని కాదు, మొత్తం ఉద్యోగులు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి పిల్లను చూసుకోవచ్చు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే ఉంది.

2018లో కేంద్రం ఇచ్చిన కనీస మార్గదర్శకాల ప్రకారం క్రెష్ పనిచేసే చోటుకు 500 మీటర్ల లోపు ఉండాలి. మూడేళ్ల లోపు పిల్లలు పదిమందికి ఒక శిక్షణ పొందిన కేర్‌టేకర్ ఉండాలి.

అమలు చూసేది కార్మిక శాఖ. కొత్త కోడ్‌లో ఇన్‌స్పెక్టర్ పేరు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’గా మారింది. పేరుతో పాటు తీరు కూడా మారింది. తప్పు కనిపించగానే కేసు పెట్టరు. సరిచేసుకోమని ముందు రాతపూర్వకంగా గడువు ఇస్తారు. జీతాల లెక్కల్లో తేడాకు ఈ మెతకదనం సరిపోవచ్చు. నిప్పు, నీళ్లు, మందుల డబ్బా అందే ఎత్తులో ఉన్న గదికి సరిపోతుందా అన్నది ఆలోచించాల్సిందే.

నిప్పు దగ్గర అన్ని శాఖలూ ఒక్కటే

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో పాఠశాల వంటగదిలో మొదలైన మంట పూరి కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఒకే భవనంలో మూడు బడులు నడుస్తున్నాయి. 2014లో కింది కోర్టు యాజమాన్యంతో పాటు విద్యాశాఖ ఉద్యోగులనూ దోషులుగా తేల్చింది. అనుమతి కాగితం మీద సంతకం పెట్టిన వాళ్లూ బాధ్యులే అని చెప్పిన అరుదైన తీర్పు అది. 2017లో మద్రాస్ హైకోర్టు దోషుల్లో ఎక్కువమందిని వదిలేసింది.

తెలుగు రాష్ట్రాల్లో బడులు, ఫంక్షన్ హాళ్ల వంటి భవనాలు 6 మీటర్ల ఎత్తు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు ఉన్నా ఫైర్ ఎన్‌ఓసీ అవసరం. ఇల్లుగా ప్లాన్ తీసుకుని డే కేర్‌గా మార్చిన చోట ఆ ప్రశ్నే రాకుండా పోతుంది. రికార్డులో అది ఇల్లే మరి. మీరు వెళ్లినప్పుడు మెట్లు చూడండి. పిల్లలు పై అంతస్తులో పడుకుంటున్నారా, బయటికి రెండో దారి ఉందా, మధ్యాహ్నం ‘భద్రత కోసం’ గ్రిల్‌కు తాళం వేస్తున్నారా, ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? దొంగల కోసం వేసిన తాళమే పొగ కమ్మినప్పుడు ప్రాణాల మీదకు తెస్తుంది.

అమెరికాలో మీ అక్క చూసేది, ఇక్కడ మీకు కనిపించనిది

డాలస్‌లో ఉండే మీ అక్కో, వదినో పిల్లను డే కేర్‌లో చేర్చేముందు టెక్సాస్ ప్రభుత్వ వెబ్‌సైట్ తెరుస్తారు. ఆ కేంద్రం పేరు కొడితే ఎప్పుడు తనిఖీ జరిగింది, ఏ నిబంధన తప్పారు, సరిచేశారా లేదా అన్నీ వస్తాయి. అక్కడి ఫెడరల్ ప్రభుత్వం 2014లో చేసిన చట్టం ప్రకారం లైసెన్స్ ఉండి, ఫెడరల్ సాయం అందుకునే కేంద్రాల్లో ఏడాదికి ఒక్కసారైనా చెప్పకుండా తనిఖీ చేయాలి. ఫలితాలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఇంగ్లండ్‌లో ఆఫ్‌స్టెడ్ అనే సంస్థ నర్సరీలను రిజిస్టర్ చేస్తుంది, తనిఖీ చేస్తుంది, ప్రమాదం ఉందనుకుంటే రిజిస్ట్రేషన్‌ను తాత్కాలికంగా ఆపేస్తుంది. అక్కడ రెండేళ్ల లోపు పిల్లలు ముగ్గురికి ఒక మనిషి ఉండాలి. మన మార్గదర్శకంలో పదిమందికి ఒకరు.

ఆ దేశాల్లో ప్రమాదాలు జరగవని కాదు. జరిగినప్పుడు ముందు నివేదికలో ఏముందో ఎవరైనా తీసి చూడొచ్చు. మన దగ్గర హోంల తనిఖీ నివేదికలు కూడా జిల్లా ఆఫీసు బీరువాలోనే ఉంటాయి.

అవి బయటికి తీయొచ్చా? తీయొచ్చు

సమాచార హక్కు చట్టం ఉంది. తెలంగాణలో జిల్లా సంక్షేమ అధికారి, ఏపీలో ఐసీడీఎస్ జిల్లా కార్యాలయానికి దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయిలో ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ‘మా జిల్లాలో రిజిస్టర్ అయిన బాలల సంస్థల జాబితా, గత ఏడాది తనిఖీ కమిటీ వెళ్లిన తేదీలు, తీసుకున్న చర్యలు ఇవ్వండి’ అని అడిగితే చాలు. పిల్లల పేర్లు అడగకండి, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మీరు పంపే ప్లే స్కూల్ గుర్తింపు గురించి కూడా ఇలాగే అడగొచ్చు.

డే కేర్‌లో చేర్చేముందు యాజమాన్యాన్ని సిబ్బంది పోలీస్ వెరిఫికేషన్ పత్రాలు చూపమనండి. ‘మా ఆయా పదేళ్ల నుంచి ఉంది మేడమ్, బంగారం లాంటి మనిషి’ అంటారు. కావచ్చు. కాగితం వేరు. ‘తల్లిదండ్రులు లోపలికి రాకూడదు, పిల్లలు డిస్టర్బ్ అవుతారు’ అనే చోట సీసీ కెమెరా రికార్డింగ్ ఎన్ని రోజులు ఉంచుతారో అడగండి. చెప్పకుండా ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. పిల్లలు పడుకుని, ఆయాలు ఫోన్లు చూసుకునే సమయం అది. డైరెక్టర్ దగ్గరుండి చూపించే టూర్‌లో కనిపించనిది అప్పుడు కనిపిస్తుంది.

అనుమానం వస్తే 1098కు ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేసే చైల్డ్ హెల్ప్‌లైన్ ఇది. మీ పిల్లే కానక్కర్లేదు, పక్కింటి పిల్ల గురించైనా చెప్పొచ్చు. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే 112. లిఖితపూర్వక ఫిర్యాదు బాలల సంక్షేమ సమితికి, కలెక్టర్‌కు ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కూ ఒక కాపీ పంపండి. సీసీ కెమెరా దృశ్యాలు కొన్ని రోజులకే చెరిగిపోతాయి కాబట్టి, వాటిని భద్రపరచమని యాజమాన్యానికి అదే రోజు మెయిల్ లేదా వాట్సాప్ మెసేజ్ పెట్టండి.